మల్చింగ్ షీటు నిజంగా మట్టిలో కలుస్తుందా? సీసాలో, పొలంలో పరీక్షించే పద్ధతి

మిరప, పుచ్చ, టమాటా బోదెల మీద పరిచే 25 మైక్రాన్ల పాలిథిన్ షీటు చదరపు మీటరుకు సుమారు 23 గ్రాములు తూగుతుంది. ఎకరంలో సగం నేల కప్పినా 46 కిలోల ప్లాస్టిక్ అన్నమాట. కాపు అయ్యాక దాన్ని లాగి, చుట్టి, గట్టుకు చేర్చడానికి కూలీలు కావాలి. ఎంత జాగ్రత్తగా లాగినా చినిగిన అంచులు మట్టిలోనే ఉండిపోతాయి. అందుకే "తీయక్కర్లేదు, రోటవేటర్ కొట్టేయండి, అదే కలిసిపోతుంది" అని చెప్పి అమ్మే షీట్ల మీద అందరికీ ఆశ.

ఆ మాట నిజమో కాదో కంటితో తేల్చలేం. షీటు ముక్కలై, ముక్కలు పొడై, పొడి మట్టి రంగులో కలిసిపోయి కనబడకుండా పోవచ్చు. అది మట్టిలో ప్లాస్టిక్ పొడి పేరుకోవడమే. సూక్ష్మజీవులు షీటును తిన్నాయనడానికి సాక్ష్యం ఒక్కటే: షీటులోని కార్బన్ కార్బన్ డయాక్సైడై బయటికి రావాలి. ఎంత కార్బన్ పెట్టాం, ఎంత వాయువుగా వచ్చింది అని లెక్కగట్టడమే అసలు పరీక్ష. డిగ్రీ కాలేజీ రసాయనశాస్త్ర ల్యాబులోనో, వ్యవసాయ పాలిటెక్నిక్‌లోనో ఉండే సామానుతో దీన్ని చేయొచ్చు. దీనికి సరుకు కంటే ఓపిక ఎక్కువ కావాలి.

ముందు కాగితం చదవండి

షీటుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్లో ఏ ప్రమాణం నంబరు ఉందో చూడండి. 'కంపోస్టబుల్' అని ఐఎస్/ఐఎస్ఓ 17088 చూపిస్తే అది కంపోస్టు కేంద్రానికి సంబంధించినది. ఆ పరీక్ష 58 డిగ్రీల వేడిలో జరుగుతుంది, మీ చేను అంత వేడెక్కదు. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ దీనికి మంచి ఉదాహరణ. కంపోస్టు కుప్పలో నెలల్లో పోతుంది, మామూలు మట్టిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మల్చింగ్ షీటుకు కావలసింది మట్టి ప్రమాణం. ఐరోపాలో ఇది ఈఎన్ 17033, 2018లో వచ్చింది. మట్టిలో, 25 డిగ్రీల దగ్గర, 24 నెలల్లోపు కనీసం 90 శాతం కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారాలన్నది అందులోని షరతు. ఆ 90 నేరుగా రావచ్చు, లేదా పక్కన పెట్టిన సెల్యులోజ్‌తో (కాగితం, దూదిలో ఉండే, సూక్ష్మజీవులు తేలిగ్గా తినే పదార్థం) పోల్చినప్పుడు రావచ్చు. కొలిచే పద్ధతి ఐఎస్ఓ 17556. అమెరికా వాళ్లది ఏఎస్‌టీఎం డీ5988. కింద చెప్పే సీసాల పద్ధతి ఈ రెంటినీ ఒరుసుకుని ఉంటుంది.

'ఆక్సో' అన్న మాట ఎక్కడ కనబడినా ఆగండి. అది మామూలు పాలిథిన్. ఎండకు త్వరగా చిట్లేలా ఇనుము, మాంగనీసు, కోబాల్టు లవణాలు కలుపుతారు, అంతే. 2019 నాటి చట్టంతో ఐరోపా సమాఖ్య ఈ రకం ప్లాస్టిక్‌ను నిషేధించింది. చిట్లడాన్ని చూసి 'కరిగిపోయింది' అనుకునేది ఎక్కువగా దీని విషయంలోనే.

బల్ల మీద ఒక వారం

నెలల తరబడి సాగే సీసాల పరీక్షకు దిగే ముందు, తెచ్చింది ఏ జాతి ప్లాస్టిక్కో తెలుసుకోవడం మేలు. చవగ్గా చేసుకునే పరీక్షలు మూడున్నాయి. ఏ ఒక్కటీ తీర్పు కాదు. మూడూ కలిపి చూస్తే పాలిథిన్ దొరికిపోతుంది.

మొదటిది నీళ్ల పరీక్ష. గోరంత ముక్కను గ్లాసు నీళ్లలో వేయండి. నీళ్లలో ముందే అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క కలపాలి. లేకపోతే పల్చటి షీటు ఏదైనా నీటి పొర మీద తేలుతూనే ఉంటుంది, ముక్కకు అంటుకున్న గాలి బుడగలు కూడా దాన్ని లేపుతాయి. పుల్లతో నీటి అడుగుకు నొక్కి, బుడగలు వదిలించి, విడిచిపెట్టండి. పాలిథిన్ సాంద్రత 0.92 దరిదాపు, పైకి వచ్చేస్తుంది. మట్టిలో కలిసే షీట్లలో ఎక్కువగా వాడే పీబీఏటీ 1.25, అడుగునే ఉంటుంది. ఒక మెలిక ఉంది: పాలిథిన్‌లో బరువు ప్రకారం 12–13 శాతం సున్నపురాయి పొడి కలిపితే అది కూడా మునుగుతుంది. తేలితే అనుమానం దాదాపు ఖాయం. మునిగితే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే.

రెండోది అయోడిన్. ముక్కను కాసిని నీళ్లలో పది నిమిషాలు మరిగించి, చల్లారాక ఆ నీళ్లలో టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేయండి. నీలం తిరిగితే పిండి పదార్థం ఉందని అర్థం. దీనికే సంబరపడొద్దు. పాలిథిన్‌లో కాస్త మొక్కజొన్న పిండి కలిపి అమ్మే సరుకు కూడా నీలం చూపిస్తుంది. మట్టి పిండిని తినేసి, జల్లెడలా మిగిలిన పాలిథిన్‌ను వదిలేస్తుంది. రంగు రాకపోయినా షీటు చెడ్డదని కాదు, పిండి లేకుండా చేసే మంచి షీట్లూ ఉన్నాయి.

మూడోది క్షారం. 100 మి.లీ. నీటికి 4 గ్రాముల కాస్టిక్ సోడా చొప్పున ద్రావణం చేసి, అందులో వేలెడంత ముక్క వేసి, మూత పెట్టి, 60 డిగ్రీల వాటర్‌బాత్‌లో వారం ఉంచండి. పక్కనే మామూలు పాలిథిన్ ముక్కతో ఇంకో సీసా పెట్టండి. పీబీఏటీ, పీఎల్ఏ లాంటి పాలిఎస్టర్లు క్షారానికి విడిపోతాయి. ముక్క పెళుసెక్కి, పటకారుతో పట్టుకుంటే విరుగుతుంది. పాలిథిన్ మాత్రం వేసినప్పటిలాగే సాగుతుంది. మూడు పరీక్షల్లో నమ్మదగింది ఇదే. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా మాత్రం చేయొద్దు.

సీసాల పరీక్ష: సామాను

మూడు లీటర్ల వెడల్పు మూతి గాజు సీసాలు 14 కావాలి. మూతకు రబ్బరు వాషరు ఉండాలి. డెసికేటర్లు (గాలి చొరబడని మూతగల ల్యాబు గాజు పాత్రలు) దొరికితే ఇంకా మంచిది, మూత అంచుకు గ్రీజు పూస్తే చాలు. పంపకం ఇలా: ఉత్త మట్టి 3, మట్టి–సెల్యులోజ్ 3, మట్టి–మామూలు పాలిథిన్ 3, మట్టి–పరీక్ష షీటు 3, మట్టే లేని ఖాళీ సీసాలు 2. ఖాళీ సీసాలు ఎందుకని చాలామంది వదిలేస్తారు. సీసాలో ముందే ఉన్న గాలి, మూత తీసినప్పుడు చొరబడే గాలి ఎంత కార్బన్ డయాక్సైడ్ తెచ్చిందో చెప్పేవి అవే.

ప్రతి సీసాలో రెండు చిన్న బీకర్లు ఉంటాయి. ఒకదానిలో 20 మి.లీ. 1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్, రెండోదానిలో 50 మి.లీ. నీళ్లు. మొదటిది వచ్చిన వాయువును పట్టేస్తుంది. రెండోది సీసాలోని గాలి ఎండిపోకుండా చూస్తుంది. ఇవి కాక 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1 మోలార్ బేరియం క్లోరైడ్, ఫినాఫ్తలీన్, 50 మి.లీ. బ్యూరెట్, మిల్లీగ్రాము తూచే త్రాసు, 2 మి.మీ. జల్లెడ, 25 డిగ్రీల దగ్గర నిలిచే బీఓడీ ఇంక్యుబేటర్ (ఒకే ఉష్ణోగ్రత నిలిపే ల్యాబు పెట్టె) కావాలి. బేరియం క్లోరైడ్ విషం. నోటితో పిపెట్ పీల్చే అలవాటుంటే ఇక్కడ మానుకోండి.

పొటాషియం హైడ్రాక్సైడ్ క్షారం బిళ్లల్లో దాదాపు 15 శాతం తేమ ఉంటుంది కాబట్టి లీటరుకు 56 గ్రాములు సరిపోదు, 66 గ్రాముల దాకా పడుతుంది. మరిగించి మూతపెట్టి చల్లార్చిన నీళ్లలోనే కలపండి. మామూలు నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ మొదటే కొంత క్షారాన్ని తినేస్తుంది.

మట్టి

షీటు వాడబోయే చేలోనే, మూడు నాలుగు చోట్ల, 5 నుంచి 20 సెం.మీ. లోతు మట్టి తీయండి. ఈ మధ్య కలుపు మందు కొట్టిన చోటు వద్దు. వేర్లు, రాళ్లు, పాత షీటు ముక్కలు ఏరేసి, 2 మి.మీ. జల్లెడ పట్టండి. పదును మీదే జల్లించాలి. ఎండలో గలగలలాడేలా ఎండబెడితే మనకు కావలసిన సూక్ష్మజీవుల్లో సగం అక్కడే పోతాయి. నల్లరేగడి తడిమీద జల్లెడ దిగదు. నీడలో కాస్త ఆరబెట్టి, పిడికిట్లో నొక్కితే ముద్దై, వేలితో తాకితే విడిపోయే దశలో పట్టండి.

జల్లించిన మట్టి మీద సజల ఆమ్లం రెండు చుక్కలు వేసి చూడండి. బుసబుస పొంగితే సున్నం ఎక్కువున్న నేల. గుంటూరు, ప్రకాశం రేగళ్లలో సున్నపు గడ్డలు మామూలే. ఆ సున్నం నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ రావచ్చు, అది షీటు ఖాతాలో పడుతుంది. గడ్డలు ఏరేయడం కనీస జాగ్రత్త. మరీ పొంగే నేలైతే పరీక్షకు వేరే మట్టి తీసుకోండి. ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 8 మధ్య ఉంటే మంచిది.

తర్వాత నీరు పట్టే శక్తి చూడాలి. గరాటులో ఫిల్టర్ పేపరు పెట్టి, 100 గ్రాముల పొడిమట్టి వేసి, నిండా తడిపి, కారడం ఆగేదాకా ఉంచి తూచండి. పెరిగిన బరువే పట్టిన నీరు (ఫిల్టర్ పేపరు తాగిన నీరు తీసేయాలి). మనకు అందులో సగం కావాలి. రేగడి 60 గ్రాములు పట్టిందనుకుంటే 100 గ్రాములకు 30 గ్రాముల నీరు. చల్కా నేల 30 పట్టిందనుకుంటే 15 గ్రాములు. ఎక్కువ పోస్తే మట్టి గాలాడక సూక్ష్మజీవులు వేరే దారి పడతాయి, తక్కువైతే పని ఆపేస్తాయి. తడిపిన మట్టిని మూత వదులుగా ఉన్న డబ్బాలో వారం రోజులు 25 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ తర్వాతే వాడండి. జల్లించగానే మట్టిలో ఒక ఊపు వస్తుంది. అది తగ్గకముందే పెడితే ఉత్త మట్టి సీసాలే ఎక్కువ వాయువు చూపించి లెక్కను ముంచేస్తాయి.

పెట్టడం

ప్రతి సీసాలో పొడి లెక్కన 300 గ్రాముల మట్టి. పరీక్ష షీటును 5 మి.మీ. ముక్కలుగా కత్తిరించి 1 గ్రాము తూచండి. కార్బన్ శాతం తెలియాలంటే చిన్న ముక్కను సీహెచ్ఎన్ఎస్ ఎనలైజర్ (కార్బన్ లాంటి మూలకాల శాతం కొలిచే యంత్రం) ఉన్న విశ్వవిద్యాలయానికో, ప్లాస్టిక్ పరీక్షలు చేసే సీపెట్ లాంటి సంస్థకో పంపండి. లెక్క ప్రకారం సెల్యులోజ్‌లో 44.4, పీఎల్ఏలో 50, పీబీఏటీలో సుమారు 63, పాలిథిన్‌లో 85.7 శాతం కార్బన్ ఉంటుంది. షీటులో నల్లరంగు, పూరక పొడులు ఉంటాయి కాబట్టి పుస్తకంలోని అంకె నేరుగా వాడొద్దు. ముఖ్యంగా సున్నపురాయి పొడిలోని కార్బన్‌ను తీసేసి, సేంద్రియ కార్బన్ మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

సెల్యులోజ్, పాలిథిన్ కూడా దాదాపు అంతే కార్బన్ ఉండేలా తూచండి. షీటులో 580 మి.గ్రా. కార్బన్ ఉందనుకుంటే సెల్యులోజ్ 1.3 గ్రాములు, పాలిథిన్ 0.68 గ్రాములు. సెల్యులోజ్ పొడి లేకపోతే వాట్‌మన్ ఫిల్టర్ పేపరు కత్తిరించి వాడొచ్చు. ముక్కలు ఒకచోట పడకుండా మట్టిలో చేత్తో బాగా కలపండి. ఒకదానిమీద ఒకటి అంటుకున్న ముక్కల మధ్యకు మట్టి చేరదు.

సూక్ష్మజీవులకు కార్బన్‌తో పాటు నత్రజని కూడా కావాలి. సుమారు 15 భాగాల కార్బన్‌కు 1 భాగం నత్రజని అనుకుంటే ఒక్కో సీసాకు 40 మి.గ్రా. అవుతుంది. ల్యాబు గ్రేడు డైఅమ్మోనియం ఫాస్ఫేట్ (డీఏపీ) 190 మి.గ్రా. నీళ్లలో కరిగించి కలపండి. ఉత్త మట్టి సీసాల్లోనూ అంతే వేయాలి, ఇక్కడ తేడా వస్తే మొత్తం పోలిక పోతుంది. యూరియా మాత్రం వద్దు. అందులోనూ కార్బన్ ఉంది, అది కూడా వాయువై బయటికొస్తుంది. సంచి డీఏపీ కూడా వద్దు, మలినాలుంటాయి.

ఇంత నత్రజని ఎందుకంటే, సీసాలో మనం పెట్టే మోతాదు పొలంలో పడేదానికి 30 రెట్లకు పైనే. 15 మైక్రాన్ల పీబీఏటీ షీటు చదరపు మీటరుకు 19 గ్రాములు. అది 15 సెం.మీ. మట్టిలో కలిస్తే కిలోకు 0.1 గ్రాము. సీసాలో కిలోకు 3.3 గ్రాములు. అంత తక్కువ మోతాదు పెడితే, మట్టి తనంతట తాను వదిలే వాయువులో షీటుది కలిసిపోయి కొలతకు అందదు.

సీసాలు బిగించి, బరువు రాసి, చీకట్లో 25 డిగ్రీల దగ్గర పెట్టండి. మే నెలలో ఫ్యాను కింద బల్ల మీద పెట్టి చేసిన పరీక్షను ఎవరూ ఒప్పుకోరు. గది 36 డిగ్రీలుంటే పని వేగంగా సాగి, షీటు ఉన్నదానికంటే మంచిదిగా కనబడుతుంది.

టైట్రేషన్

మొదటి నెల మూడు నాలుగు రోజులకోసారి, తర్వాత వారానికి, మూడు నెలలు దాటాక పదిహేను రోజులకోసారి బీకరు మార్చాలి. అంతకంటే జాగు చేయొద్దు, లోపల ఆక్సిజన్ తగ్గిపోతుంది. బీకరు బయటికి తీసిన వెంటనే 15 మి.లీ. బేరియం క్లోరైడ్ పోయండి. పాలలా తెల్లటి అవక్షేపం వస్తుంది. మట్టి నుంచి వచ్చి క్షారంలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అదే. రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, మిగిలిన క్షారాన్ని 0.5 నార్మల్ ఆమ్లంతో గులాబీ రంగు పోయేదాకా టైట్రేట్ చేయండి, అంటే ఎన్ని మి.లీ. ఆమ్లం పట్టిందో బ్యూరెట్‌తో కొలుస్తూ పోయండి. చివర్లో చుక్క చుక్కగా, కలుపుతూ పోయాలి. ఆమ్లం ధారగా పడితే తెల్లటి అవక్షేపమే కరగడం మొదలెడుతుంది, రీడింగు ఎక్కువ వస్తుంది.

ఈ గాఢతలు ఎంచుకోవడంలో ఒక సుఖముంది. ఖాళీ సీసాకు, మట్టి సీసాకు బ్యూరెట్‌లో తేడా 1 మి.లీ. అయితే 3 మి.గ్రా. కార్బన్. గుణకారం అంతే.

ఒక వారం రీడింగులు ఇలా ఉన్నాయనుకోండి: ఖాళీ సీసా 39.6, ఉత్త మట్టి 31.2, షీటున్న మట్టి 27.4 మి.లీ. ఉత్త మట్టి వదిలింది (39.6 – 31.2) × 3 = 25.2 మి.గ్రా. షీటు సీసా వదిలింది (39.6 – 27.4) × 3 = 36.6 మి.గ్రా. షీటు వాటా 11.4 మి.గ్రా. పెట్టిన 580లో ఇది దాదాపు 2 శాతం. వారం వారం వచ్చే ఈ అంకెల్ని కూడుకుంటూ పోవాలి. గ్రాఫు మొదట బల్లపరుపుగా ఉండి, తర్వాత ఎక్కి, చివర మళ్లీ చదునవుతుంది. చదునైన ఎత్తే జవాబు.

రీడింగు 16 కంటే కిందికి పడితే క్షారం అరవై శాతం అయిపోయిందని గుర్తు. ఆ సీసాకు గడువు తగ్గించండి. నిండిపోయిన క్షారం కొత్త వాయువును పట్టదు, ఆ వారం నష్టాన్ని తర్వాత పూడ్చలేం. సెల్యులోజ్ సీసాల్లో రెండో మూడో వారంలో ఈ బెడద ఎక్కువ.

మూత తీసినప్పుడే కాసేపు గాలాడనిచ్చి, సీసాను తూచి, తగ్గిన నీటిని డిస్టిల్డ్ వాటర్‌తో సరిచేసి, మట్టిని గరిటెతో ఒకసారి తిరగేయండి. ప్రతి సీసాకు దాని గరిటె దానికే.

ఫలితాన్ని ఎప్పుడు నమ్మాలి

ముందు షీటు అంకె చూడొద్దు, సెల్యులోజ్ చూడండి. ఆరు నెలల్లో 70 శాతం దాటలేదంటే మీ మట్టి నీరసంగా ఉంది, లేదా తడి, నత్రజని తేడా చేశాయి. ఆ పరీక్షలో షీటు ఫెయిలయినా పాసయినా అర్థం లేదు (ఐఎస్ఓ పద్ధతిలో ఈ గీత 60 శాతం). తర్వాత ఉత్త మట్టి సీసాలు మూడూ సగటుకు 20 శాతం లోపే ఉండాలి. ఒకటి ఎగిరిపడితే ఏదో ఒక మూత గాలి లాగుతోంది, వాషరు మార్చండి. ఇక మట్టి–పాలిథిన్ సీసాలు సున్నా దగ్గరే తచ్చాడాలి. అవి 10 శాతం చూపిస్తున్నాయంటే తప్పు మీ పద్ధతిలో ఉంది. అదే తప్పు షీటు అంకెలో కూడా దాక్కుని ఉంటుంది.

ఈ మూడూ బాగుంటేనే షీటు అంకె చదవండి. నూటికి నూరు ఎప్పుడూ రాదు. తిన్న కార్బన్‌లో కొంత సూక్ష్మజీవుల ఒంట్లోకి, అక్కణ్నుంచి మట్టి సేంద్రియంలోకి పోతుంది. గీత 90 దగ్గర పెట్టింది అందుకే. అప్పుడప్పుడు 100 దాటిన అంకెలు కూడా వస్తాయి. కొత్త తిండి దొరికిన హుషారులో సూక్ష్మజీవులు మట్టిలోని పాత సేంద్రియాన్ని కూడా తినేస్తే అలా అవుతుంది.

బాగా జాగ్రత్తపడాల్సిన గ్రాఫు ఒకటుంది. నెలా రెండు నెలల్లో 20–30 శాతానికి గబగబా ఎక్కి అక్కడే ఆగిపోతుంది. పిండి పోయింది, పాలిథిన్ మిగిలింది. నెలన్నరకే పరీక్ష ఆపి "వేగంగా విచ్ఛిన్నమవుతోంది" అని రాసిన రిపోర్టు ఎవరైనా చూపిస్తే, ఆరో నెల అంకె అడగండి. ఇంకో ప్రశ్న కూడా అడగాలి: షీటును పొడి కొట్టి పరీక్షించారా, ముక్కలుగానా? పొడికి మట్టి తగిలే చోటు ఎన్నో రెట్లు ఎక్కువ.

పొలంలో పాతడం

సీసా పరీక్షలో తడి ఎప్పుడూ సరిపడా ఉంటుంది. మీ చేలో మార్చిలో కాపు అయిపోయి, డ్రిప్పు పైపులు చుట్టేశాక జూన్ వానల దాకా మట్టి ఎండి బీటలు వారుతుంది. ఆ మూడు నెలలూ షీటు విషయంలో దాదాపు ఏమీ జరగదు. అందుకే సీసాలో ఏడాదిన్నరలో పోయిన షీటు చేలో ఇంకా ఎక్కువ కాలం ఉండొచ్చు. దీన్ని పాతి చూడాల్సిందే.

ఒక మిల్లీమీటరు కన్ను ఉన్న నైలాన్ వలతో 20 సెం.మీ. చదరపు సంచులు కుట్టించండి. దూది దారంతో కుట్టొద్దు, మొదట అదే పోతుంది. ఒక్కో దాంట్లో 10 సెం.మీ. చదరపు ముక్కను తూచి, పరిచి పెట్టండి. నాలుగు రకాలు: కొత్త షీటు, ఒక పంట కాలం బోదె మీద ఎండకు ఉన్న అదే షీటు, మామూలు పాలిథిన్, కోరా నూలు గుడ్డ. ఎండ తిన్న షీటును విడిగా పెట్టడానికి కారణముంది. ఎండకు పీబీఏటీ గొలుసులు కొన్నిచోట్ల ఒకదానికొకటి అతుక్కుని ముడిపడతాయి, ఆ భాగాన్ని సూక్ష్మజీవులు తినడం ఆలస్యమవుతుంది. రైతు మట్టిలో కలిపేది ఎండ తిన్న షీటునే. కొత్త షీటు మీద చేసిన పరీక్ష ఒక్కటీ చాలదు.

ఐదుసార్లు తీయాలనుకుంటే (2, 6, 12, 18, 24 నెలలు), రకానికి నాలుగు చొప్పున మొత్తం 80 సంచులు. 10 సెం.మీ. లోతులో బల్లపరుపుగా పాతి, సంచి మూలకు జీఐ తీగ కట్టి చివర నేల మీదికి వదలండి. ట్రాక్టరు తిరగని మడి మూల ఎంచుకోండి. గట్టు రాయి నుంచి అడుగుల్లో కొలిచి పటం గీసి పెట్టుకోకపోతే ఏడాది తర్వాత ఆ తీగలు కూడా కనబడవు. వాన, తడిపెట్టిన తేదీలు, 10 సెం.మీ. లోతు ఉష్ణోగ్రత రాస్తూ ఉండండి. అవి లేకపోతే రెండు చేల ఫలితాలు పోల్చలేం.

రేగడిలో బీటలు వారినప్పుడు సంచులు పక్కకు జరిగి పగుళ్లలోకి దిగుతాయి. ఎర్రనేలల్లో చెదలు గుడ్డను రాత్రికి రాత్రి మాయం చేస్తాయి, షీటును కూడా కొరుకుతాయి. అంచులు గుండ్రంగా, కొరికినట్టు ఉంటే అది చెదల పని. సూక్ష్మజీవుల పనైతే షీటు మధ్యలో సన్నటి చిల్లులు, పల్చబడిన మచ్చలు కనబడతాయి.

తీశాక ముక్కను ట్రేలో నీళ్లలో అరగంట నాననిచ్చి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో మట్టి వదిలించండి. ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర పెడితే ముడుచుకుపోతుంది, 40 డిగ్రీలు చాలు. బరువు మీద నమ్మకం పెట్టుకోవద్దు. చిల్లుల్లో ఇరుక్కున్న బంకమట్టి వల్ల రెండో నెలలో షీటు బరువు పెరిగినట్టు కూడా రాస్తుంది. గ్రాఫు కాగితం మీద పరిచి, పై నుంచి ఫొటో తీసి, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మిగిలిన విస్తీర్ణం కొలవండి. బరువు కావాల్సిందే అంటే, ఆ ముక్కను 550 డిగ్రీల దగ్గర కాల్చి వచ్చిన బూడిద తీసేయండి. కొత్త షీటుకు కూడా కొంత బూడిద ఉంటుంది, దాన్ని ముందే కొలిచి పెట్టుకోవాలి.

ఈ పద్ధతి చెప్పేది విస్తీర్ణం తగ్గిందనే. వల కన్ను దాటిపోయిన ముక్క తిండి అయిందో, పక్క మట్టిలో ఉందో ఇది చెప్పలేదు. సీసా ఫలితం చేతిలో లేకుండా సంచుల ఫలితం ఒక్కటే చూసి షీటును మెచ్చుకోవద్దు.

షీటును రోటవేటర్‌తో కలిపేసిన చేలో చూడాలంటే, అర మీటరు చదరంలో 15 సెం.మీ. లోతు మట్టి ఐదు చోట్ల తీయండి. ఒక్కో గుంతకు 50 కిలోల దాకా వస్తుంది. డ్రమ్ములో నానబెట్టి, 2 మి.మీ. జల్లెడ మీద గొట్టంతో కడిగి, దొరికిన ముక్కలన్నీ ఏరండి. ఇక్కడ అందరూ పడే గోతి ఒకటుంది: గత ఐదారేళ్లలో అదే చేలో పరిచిన పాలిథిన్ ముక్కలు కూడా వస్తాయి. అన్నీ ఒకేలా మాసి ఉంటాయి. బకెట్ నీళ్లలో లిక్విడ్ చుక్క వేసి అన్నింటినీ అందులో ముంచండి. తేలినవి పాత పాలిథిన్, వాటిని వేరే కవరులో పెట్టండి. మునిగినవాటిని రకానికి రెండు మూడు చొప్పున క్షారంలో వారం ఉంచి ఖాయం చేసుకుని, అప్పుడే తూచండి. షీటు పరవని పక్క మడిలో కూడా ఇలాంటి గుంతలు రెండు తీసి చూస్తే, ఏది కొత్త షీటుదో ఏది పాత లెక్కో తేలుతుంది.